పాత డీజిల్ సెడాన్‌తో ఎనిమిదేళ్లు: ఇంజన్ విప్పలేదు, డబ్బు మాత్రం పోయింది

బండి కొనేటప్పుడు నా భయమంతా ఇంజన్ మీదే. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) పోతే ముప్పై వేలు, ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోతే నలభై, డీజిల్ పంపు పోతే ఇంకో ముప్పై అని ఆఫీసులో తలా ఒక లెక్క చెప్పి బెదరగొట్టారు. ఎనిమిదేళ్లయింది. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, దాని పైభాగమైన హెడ్డు కూడా దించలేదు. డబ్బు పోయిందంతా ఎవరూ బెదిరించని చోట. ఏసీలో పోయింది, చక్రాల దగ్గరుండే రబ్బరు బుష్‌లలో పోయింది, రోగం ఒకటైతే మందు ఇంకోదానికి వేసినందుకు పోయింది.

నేనుండేది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. పోనూ రానూ రోజుకు 44 కిలోమీటర్లు. అత్తగారిల్లు నెల్లూరు వేదాయపాళెంలో కాబట్టి ఏడాదికి ఎనిమిది, పది సార్లు అటు. 2017 ఆగస్టులో నెల్లూరులోనే 2012 మోడల్ సెడాన్ కొన్నాను. 1500 సీసీ లోపు టర్బో డీజిల్, అప్పటికి 82,000 కిలోమీటర్లు తిరిగింది, ధర 3,60,000. ఇప్పుడు మీటరు 2,10,000 చూపిస్తోంది. లెక్కలు రాసే చెయ్యి ఊరుకోదు కదా, కొన్న రోజు నుంచి గ్లవ్ బాక్సులో ఒక నోటుబుక్కు పెట్టి పంక్చర్‌తో సహా రాస్తూ వచ్చాను. కింద చెప్పే అంకెలన్నీ అందులోవే.

కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మనవాళ్లకు అది అభిమాన హీరోల గొడవ అయిపోతుంది. పైగా ఆ కాలపు డీజిల్ సెడాన్ ఏది తీసుకున్నా, కొంచెం అటూ ఇటూగా, వచ్చే రిపేర్లు ఇవే.

ముందు నా తప్పులు. బండి చూడ్డానికి మామయ్యను తీసుకుని వెళ్లాను, మెకానిక్‌ను తీసుకుని వెళ్లలేదు. ఆయన సీట్లు చూశారు, డిక్కీ చూశారు, "పెద్ద బండి అల్లుడూ, బాగుంది" అన్నారు. నేను బానెట్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. దాని అర్థమేంటో నాకు తెలియలేదు. బండి ఒంగోలు తెచ్చాక కర్నూలు రోడ్డులో షెడ్డున్న మా మెకానిక్ భాయ్‌కి ఈ సంగతి చెబితే తల కొట్టుకున్నాడు. "వేడిగా ఉందంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. రేపు పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చేయాల్సింది అన్నా. డీజిల్ బండి గుణం పొద్దున మొదటి స్టార్ట్‌లోనే తెలుస్తుంది." చల్లటి ఇంజన్ మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పుడు పొగ రంగు, చైన్ గలగల, ఇంజెక్టర్ కొట్టుకునే చప్పుడు అన్నీ బయటపడతాయి. పది నిమిషాలు నడిచాక సగం సర్దుకుంటాయి. తెల్లపొగ వస్తే డీజిల్ సరిగా కాలడం లేదనో, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) లోపలికి వెళ్తోందనో అనుకోవాలి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదని, లేదా డీజిల్ ఎక్కువ పడుతోందని. నా అదృష్టం బాగుండి మా బండికి ఇవేవీ లేవు. అది అదృష్టమే తప్ప నా తెలివి కాదు.

రెండో తప్పు కాగితాల్లో. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఇంకా కొట్టేయలేదు. "లోన్ ఎప్పుడో అయిపోయింది సార్, ఒక్క కాగితం అంతే" అన్నాడు అమ్మినతను. ఆ ఒక్క కాగితానికి రెండు నెలలు పట్టింది. లోన్ తీరిందని బ్యాంకు వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీ మీద ఫైనాన్స్ కొట్టేయడానికి సంతకం చేసిన ఫారం 35 చేతికి రానిదే డబ్బు మొత్తం ఇవ్వకండి, కనీసం ఒక పాతిక వేలు ఆపండి. మూడోది ఇన్సూరెన్స్. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉందని, అదీ నాకే వస్తుందని చెప్పి ధరలో కలిపాడు. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. పాలసీ నా పేరుకు మారేటప్పుడు ఆ తేడా నేనే కట్టాను.

కొన్న మొదటి నెలలో 21,400 అయింది. అన్ని ఆయిళ్లు, అన్ని ఫిల్టర్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు, ఫ్యాన్ బెల్టు దాని పుల్లీతో సహా, బ్యాటరీ. పాత బండి కొనేవాళ్లు ఈ పాతిక వేలు బండి ధరలోనే కలిపి చూసుకోవాలి. పాత యజమాని ఎప్పుడు ఏం మార్చాడో కనుక్కుంటూ కూర్చునే కంటే, మన చేతికి వచ్చిన రోజును సున్నా అనుకుని మొదలుపెట్టడం హాయి.

ఇక ఏసీ. నోటుబుక్కులో దీనికి నేను వేరే పేజీ కేటాయించాల్సి వచ్చింది. 2018 ఏప్రిల్‌లో చల్లదనం తగ్గింది. నెల్లూరు వెళ్లినప్పుడు ఒక ఏసీ షాపులో "గ్యాస్ అయిపోయింది సార్" అని నింపి 1,800 తీసుకున్నారు. ఆగస్టుకు మళ్లీ వేడిగాలి. ఈసారి ఒంగోల్లో ఇంకో షాపు, మళ్లీ గ్యాస్, మళ్లీ 1,800. ఏసీ గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదని, ఎక్కడో కారితేనే తగ్గుతుందని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. కారేది ఎక్కడో చూడకుండా గ్యాస్ నింపడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. మూడోసారి భాయ్ తనకు తెలిసిన ఏసీ మేస్త్రీ దగ్గరకు పంపాడు. ఆయన నైట్రోజన్ కొట్టి సబ్బు నురగ పూస్తే, రేడియేటర్ ముందుండే కండెన్సర్ కింది మూల బుడగలు వచ్చాయి. చేత్తో తాకితే అక్కడి అల్యూమినియం రేకులు పిండిలా రాలిపోయాయి. కొత్తపట్నం సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలి, చీమకుర్తి రాతిపొడి కలిసి పెట్టిన బూడిద అది. కండెన్సర్, గ్యాస్, కూలి కలిపి 7,800.

2021లో డ్యాష్‌బోర్డు వెనకుండే కూలింగ్ కాయిల్ కారింది. కాయిల్ ధర అంత ఎక్కువేం కాదు. దాన్ని చేరుకోవాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి, ఒక రోజంతా పని. 9,500 అయింది. ఊడదీసిన డ్యాష్‌బోర్డు మళ్లీ కంపెనీలో బిగించినట్టు ఎప్పటికీ కూర్చోదు. అప్పటి నుంచి గుంతలో పడ్డప్పుడల్లా ఎడమవైపు కిర్రుమంటుంది. ఆ చప్పుడుకు అలవాటుపడిపోయాం. 2023లో ఏసీ గ్యాస్‌ను ఒత్తే కంప్రెసర్ ముందు గరగరలాడి, తర్వాత పట్టేసింది. కొత్తది 27,000 అన్నారు. రిపేరు చేసిన కంప్రెసర్, డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమ పీల్చేది), పైపులన్నీ కడగడం, గ్యాస్, అన్నీ కలిపి 18,000తో అయిపోయింది. కంప్రెసర్ పట్టేసినప్పుడు దాని లోపలి లోహపు పొడి పైపులన్నిటికీ పాకుతుంది. పైపులు కడగకుండా కొత్త కంప్రెసర్ బిగిస్తే ఆ పొడి దాన్ని కూడా తినేస్తుంది. కడుగుతారో లేదో ముందే అడగండి, కడిగేటప్పుడు పక్కన నిలబడండి. ఏసీ పేజీ అడుగున మొత్తం 38,900. మన రోహిణి కార్తెలో ఏసీ లేకుండా టంగుటూరు టోల్ దగ్గర క్యూలో నిలబడ్డవాళ్లకు ఇది విలాసమో కాదో నేను చెప్పక్కర్లేదు.

అదే టంగుటూరు టోల్ దగ్గర 2019 మేలో ఇంకో ముచ్చట జరిగింది. బండిలో ఐదుగురం, ఏసీ ఫుల్, మధ్యాహ్నం రెండు. క్యూలో మెల్లగా కదులుతుంటే వేడి ముల్లు పైకి లేచింది. కొన్నప్పుడు కూలెంట్ డబ్బాలో నీళ్లు టీ రంగులో ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పాత యజమాని కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తూ వచ్చాడు. మన జిల్లా బోరు నీళ్ల సంగతి తెలిసిందేగా. ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి గార రేడియేటర్ గొట్టాలకూ పడుతుంది. మొదటి నెలలో మూడుసార్లు కడిగించినా గట్టిపడ్డ గార పోలేదు. బండి పక్కకు తీసి, ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, కిటికీలన్నీ దించాను. మే నెలలో హీటర్ ఏంటని పిల్లలు నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు. హీటర్ అంటే ఇంకో చిన్న రేడియేటరే, ఇంజన్ వేడిని కొంత బండి లోపలికి లాగేస్తుంది. ముల్లు దిగాక ఇంజన్ ఆపి ముప్పావుగంట చెట్టు కింద కూర్చున్నాం. వేడిమీద మూత తీయొద్దని భాయ్ ఫోన్‌లో మూడుసార్లు చెప్పాడు. రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు మార్చి 9,800 అయింది. ఇంకో పది కిలోమీటర్లు అలాగే తోలుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకు, ఇంజన్‌కు మధ్య ఉండే సీలు) కాలి, హెడ్డు లేత్‌కు వెళ్లేదని, అప్పుడు పాతిక, ముప్పై వేల మాట అని భాయ్ అన్నాడు.

చక్రాల కింది వ్యవహారం ఏసీని మించింది. ఒంగోలు, చీమకుర్తి మధ్య కర్నూలు రోడ్డు మీద రాళ్లు మోసే టిప్పర్లు, ట్రైలర్లు ఎన్ని తిరుగుతాయో ఆ దారిన వెళ్లేవాళ్లకు తెలుసు. తారు ఎక్కడికక్కడ పిసికిన పిండిలా గాడులు పడుతుంది. 2019లో స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర కటకట మొదలైంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే చెయ్యి) బుష్‌లు, లింక్ రాడ్లు, షాకబ్జర్ల పై మౌంట్లు మార్చి 14,600. ఇక్కడ నేను పిసినారితనం చేశాను. లోయర్ ఆర్మ్‌లు కంపెనీవి 1,900 చొప్పున, లోకల్‌వి 900 చొప్పున. భాయ్ కంపెనీవే వేద్దామన్నాడు, నేను లోకల్ అన్నాను. ఏడు నెలలకే రబ్బరు చీలింది. అరిగిన ఆర్మ్‌ల మీద తిరిగి తిరిగి ముందు టైర్లు రెండూ లోపలి అంచున బోడిగుండైపోయాయి. బయట నుంచి చూస్తే టైరు కొత్తగా ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెనక్కి వంగి చూస్తేనే తెలుస్తుంది. రెండువేలు మిగిల్చి టైర్లకు తొమ్మిది వేలు పెట్టిన లెక్క. 2022లో మళ్లీ ఇవన్నీ, ఈసారి షాకబ్జర్లు కూడా కలిపి 17,200, అన్నీ కంపెనీవే. అవి ఇప్పటికీ బాగున్నాయి. 2019లోనే చేయించిన స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పేది) రిపేరుకు 7,500.

వీల్ బేరింగ్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. అరవై దాటగానే విమానం పక్కనే వెళ్తున్నట్టు హోరు వచ్చేది. టైర్ల చప్పుడనుకుని కొత్త టైర్లకు బేరం కూడా ఆడాను. భాయ్ ఒక రౌండ్ నడిపి, రోడ్డు కుడికి వంపు తిరిగినప్పుడు హోరు పెరిగి, ఎడమకు తిరిగినప్పుడు తగ్గడం చూపించాడు. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, కాబట్టి పోయింది ఎడమ బేరింగ్. టైర్ల చప్పుడైతే వంపుల్లో ఇలా మారదు. 2,900తో అయిపోయింది. టైర్లు ఇంకో ఏడాదిన్నర నడిచాయి.

నన్ను బాగా భయపెట్టి తక్కువలో వదిలిపెట్టింది టర్బో గొట్టం. 2021 డిసెంబరులో నెల్లూరు వెళ్తున్నాం. ఉలవపాడు దాటాక ఒక లారీని దాటబోతుంటే బానెట్ కింద "ఉస్స్" అని గాలి పోయిన చప్పుడు, ఆ వెంటనే బండిలో జీవం లేదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా యాభై దాటదు, వెనక అద్దంలో నల్లపొగ. ఎలాగో నెల్లూరు చేరి, మర్నాడు డీజిల్ పంపు రిపేరు చేసే షాపుకు తీసుకెళ్లాను. వాళ్లు నాలుగు ఇంజెక్టర్లు విప్పి మిషన్ మీద పెట్టి చూసి, బాగానే ఉన్నాయని 2,400 తీసుకున్నారు. పక్క గ్యారేజీలో ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు) మూసుకుపోయిందని కడిగి 1,500 తీసుకున్నారు. పొగ తగ్గలేదు. సాయంత్రానికి ఆ గ్యారేజీ ఆయన "టర్బో పోయింది సార్, 32 వేలు, రెండు రోజులు" అన్నాడు. మా ఆవిడ ముఖం చూశాను. ఇద్దరం ఒక్క మాట మాట్లాడలేదు.

భాయ్‌కి ఫోన్ చేశాను. "టర్బో విప్పనివ్వొద్దన్నా. ఆయిల్ తగ్గిందా?" లేదన్నాను. "నీలం పొగ ఉందా?" లేదు, నల్లదే. "అయితే మెల్లగా తెచ్చేయండి." 125 కిలోమీటర్లు యాభై మీద తోలుకుంటూ వచ్చాను, కావలి దగ్గర ట్రాక్టర్ కూడా నన్ను దాటేసింది. షెడ్డులో భాయ్ దగ్గర పనిచేసే కుర్రవాడు టార్చ్ పట్టుకుని, టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం కిందకు చెయ్యి పోనిచ్చాడు. చెయ్యి బయటకు తీస్తే వేళ్లకు నల్లటి జిడ్డు. "ఇక్కడన్నా" అని గొట్టాన్ని కొంచెం వంచితే, క్లాంపు పక్కన బొటనవేలి గోరంత చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుపోయింది. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ చీలిక కనిపించదు. టర్బో గాలిని ఒత్తి పంపినప్పుడే తెరుచుకుని గాలంతా బయటకు పోతుంది. ఇంజన్‌కు గాలి చాలదు, డీజిల్ మాత్రం పడుతుంది, అందుకే నల్లపొగ. గొట్టం 1,450, కూలి 450. ముందు వృథాగా పోయిన 3,900తో కలిపి మొత్తం 5,800. పదేళ్లు దాటిన టర్బో డీజిల్ బండి ఉన్నవాళ్లు సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ ఆ గొట్టాలన్నీ వంచి చూపించమని అడగండి. రబ్బరుకు వయసే శత్రువు, తక్కువ తిరిగిన బండి అయినా పగులుతుంది.

క్లచ్ 1,18,000 కిలోమీటర్ల దగ్గర మార్చాను. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు, కూలి కలిపి 13,800. మా బావమరిది ఈ బండి మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. అందులో ఎంత వాటా అతనిదో నోటుబుక్కులో రాయలేదు, రాస్తే ఇంట్లో గొడవ. నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. క్లచ్ మార్చేటప్పుడు గేర్ బాక్స్ ఎలాగూ దించుతారు కాబట్టి ఆయిల్ సీలు కూడా అప్పుడే వేయించాలి, తర్వాత సీలు కారితే మళ్లీ అంతే కూలి.

ఆల్టర్నేటర్ రిపేరు 4,200, సెల్ఫ్ మోటార్ 2,800. వీటిలో చెప్పుకునేదేం లేదు, చెప్పాపెట్టకుండా పోతాయి. ఇంజెక్టర్ల విషయంలో ఆఫీసువాళ్ల శాపం ఒక్కటంటే ఒక్కటి ఫలించింది. 2023 చివర్లో పొద్దున స్టార్ట్ చేయగానే తెల్లపొగ, టకటక చప్పుడు. నాలుగింటిలో ఒకటి పోయింది, రిపేరుకు 9,000. నాలుగూ మార్చాలన్నవాళ్లున్నారు, మిగతా మూడూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. ఇరవై వేలకోసారి డీజిల్ ఫిల్టరు మార్చడం, ఒకే బంకులో కొట్టించడం తప్ప వాటికి నేను చేసిన సేవ ఏమీ లేదు. మాది టైమింగ్ చైన్ ఇంజన్. బెల్టు ఉండే మోడల్ కొంటే బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి, అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

మా దారికి ప్రత్యేకమైన బాధ ఎయిర్ ఫిల్టరు. పుస్తకంలో పదివేల కిలోమీటర్లకు అని ఉంటుంది. చీమకుర్తి దారిలో ఐదువేలకే తీసి నేలకు తడితే, న్యూస్ పేపరు మీద సన్నటి బూడిదరంగు పొడి విబూది పొట్లం విప్పినట్టు పడుతుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు. అది గ్రానైట్. ఆ పొడి ఫిల్టరు దాటి లోపలికి వెళ్తే టర్బో రెక్కలనూ, సిలిండర్‌నూ ఉప్పుకాగితంలా గీస్తుంది. గాలి కొట్టించేటప్పుడు లోపలి వైపు నుంచి బయటకు కొట్టించాలి, బయట నుంచి కొడితే పొడి ఇంకా లోపలికి దిగుతుంది. చవక ఫిల్టర్లు అంచుల్లో సరిగా కూర్చోవు, ఇందులో మాత్రం ఎప్పుడూ కంపెనీదే వేశాను. ఇంజన్ విప్పకుండా 2,10,000 నడిచిందంటే సగం పుణ్యం దీనిదేనని నా నమ్మకం.

తుప్పు నా స్వయంకృతం. మొదటి రెండేళ్లు ఆదివారం వస్తే చాలు పిల్లలతో కొత్తపట్నం, ఒకసారి నెల్లూరు నుంచి మైపాడు. బండిని ఇసుక దాకా తీసుకెళ్లడం, పైన తుడిచి ఊరుకోవడం. 2020లో ఒక రోజు తలుపు కింద రబ్బరు బీడింగు ఊడి వస్తే, దాని వెనక రేకు అప్పడంలా పొంగి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగింది. రెండువైపులా కోసి, కొత్త రేకు వెల్డింగు, పెయింటు 12,500. ఇప్పుడు సముద్రానికి వెళ్తే బండిని ఊళ్లోనే ఆపి నడిచి వెళ్తాం. వచ్చాక అడుగున మంచినీళ్లు కొట్టిస్తాను.

షోరూమా, షెడ్డా అని అడుగుతారు. 2019లో సస్పెన్షన్ పనికి ఒక షోరూమ్‌లో ఎస్టిమేట్ వేయిస్తే 38,000 చెప్పారు, స్టీరింగ్ ర్యాక్ కొత్తది కూడా కలిపి. షెడ్డులో అదే పని, ర్యాక్ రిపేరుతో కలిపి, 22,100తో అయింది. అలాగని షెడ్డు అన్నిటికీ మేలని అనను. చెక్ ఇంజన్ లైటు వెలిగితే భాయ్ దగ్గర 2022 దాకా స్కానర్ (బండి కంప్యూటర్ నుంచి లోపం కోడ్ చదివే మిషన్) లేదు. సెన్సర్ ఒకటి మార్చి చూద్దాం, ఇంకోటి మార్చి చూద్దాం అనే పద్ధతే. అలాంటప్పుడు స్కానర్ ఉన్నచోట కోడ్ తీయించుకుని, ఆ కాగితం తెచ్చి భాయ్ చేతికిచ్చేవాడిని. సామాను మాత్రం నేనే షాపుకెళ్లి కొంటాను, పాత ముక్క చేతిలో పట్టుకుని. మోడల్ ఏడాది చెబితే చాలదు, ఒకే ఏడాదిలో రెండు రకాల ముక్కలు వచ్చిన సందర్భాలున్నాయి.

మొత్తం లెక్క చెబుతాను. రిపేర్లు 1,60,400. పదమూడు సర్వీసులు, సగటున 5,500 చొప్పున, 71,500. రెండు సెట్ల టైర్లు 36,800. అంతా కలిపితే 2,68,700, అంటే డీజిల్ కాకుండా కిలోమీటరుకు రెండు రూపాయల పది పైసలు. మైలేజీ హైవే మీద ఇరవై, చీమకుర్తి దారిలో పదిహేడు. పదేళ్లు దాటాక ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీకి దించాను. 1000 నుంచి 1500 సీసీ బండికి అప్పుడు 3,416, జీఎస్టీతో నాలుగు వేల పైచిలుకు అయ్యేది.

ఇప్పుడు ఇలాంటిది కొనమంటారా అంటే, రోజుకు నలభై కిలోమీటర్లు పైబడి తిరిగేవాళ్లకు, నమ్మకమైన మెకానిక్ ఉన్నవాళ్లకు కొనమంటాను. ఊళ్లో నాలుగడుగులు తిరిగేవాళ్లు పెట్రోల్ చూసుకోండి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నియమం వచ్చాక చిన్న డీజిల్ సెడాన్లు చాలామటుకు ఆగిపోయాయి, కాబట్టి దొరికేవన్నీ పాతవే. ఢిల్లీ బండ్లు లక్ష తక్కువకే వస్తున్నాయని కావలిలోనూ, ఒంగోల్లోనూ బ్రోకర్లు చూపిస్తుంటారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి చవక. కానీ అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. ఆ లక్షలో ఎంత మిగులుతుందో ముందే లెక్కేసుకోండి.

నా బండికి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్‌సీ రెన్యువల్‌కు 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5,000, ఫిట్‌నెస్ చూపించాలి, ఐదేళ్లకు ఇస్తారు. మా యూనిట్‌లో ఒకతను లక్షా నలభైకి అడుగుతున్నాడు. నోటుబుక్కు కూడా కావాలన్నాడు, బండితో పాటు. ఇంకా తేల్చలేదు. ప్రస్తుతం మిగిలివున్న పని ఒకటే: పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరుక్కుమంటోంది. గేర్ బాక్స్ దించితే 15,000 దాకా అవుతుందన్నాడు భాయ్, క్లచ్ కూడా ఇంకో ఇరవై వేల కిలోమీటర్లకు అయిపోతుంది, అప్పుడు రెండూ కలిపి చేద్దామన్నాడు. అందాకా పొద్దున మా వీధి దాటేవరకు ఒకటో గేరులోనే పోతున్నాను.